దమ్ము పెరిగితే దడ తగ్గుతుందా?

పాఠకుల ప్రశ్నలు – గుండె వైద్యుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గుండె లయ తప్పడం, దానివల్ల వచ్చే పక్షవాతం, ఈ రెంటికీ వ్యాయామంతో ఉన్న సంబంధం గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: నా వయసు 58. ఈమధ్య ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో "7 మెట్‌లు" అని రాశారు. గుండెలో అడ్డంకులేమీ లేవన్నారు కానీ "ఫిట్‌నెస్ తక్కువ, పెంచుకోండి" అన్నారు. అది పెరిగితే గుండె లయ తప్పే జబ్బు, పక్షవాతం కూడా తగ్గుతాయని ఎక్కడో చదివాను. నిజమేనా? ఆ మెట్ అంటే ఏమిటి?

జవాబు: మనిషి ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ఆక్సిజన్ ఒక మెట్. లెక్కలో చెప్పాలంటే కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు. మీరు 7 మెట్‌ల దాకా వెళ్లారంటే, కూర్చున్నప్పటికి ఏడు రెట్ల పని వరకు మీ గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి లాగగలిగాయని అర్థం. గంటకు 5 కిలోమీటర్ల నడక మూడు మూడున్నర మెట్‌లు. గంటకు 8 కిలోమీటర్ల పరుగు 8 మెట్‌ల పైచిలుకు. మామూలుగా వాడే బ్రూస్ పద్ధతి పరీక్షలో మూడేసి నిమిషాలకు ఒక దశ ఉంటుంది. మొదటి దశ గంటకు 2.7 కిలోమీటర్లు, 10 శాతం వాలు; రెండోది 4 కిలోమీటర్లు, 12 శాతం; మూడోది 5.5 కిలోమీటర్లు, 14 శాతం. రెండో దశ పూర్తిచేస్తే సుమారు 7, మూడోది పూర్తిచేస్తే సుమారు 10 మెట్‌లు. ఒక మెలిక ఉంది. ఈ అంకె మీ ఊపిరిని కొలిచి వేసింది కాదు, బెల్టు వేగాన్నీ వాలునూ బట్టి కట్టిన అంచనా. ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని బరువు దానిమీద వేసినవారికి లేని దమ్ము (ఫిట్‌నెస్) ఉన్నట్టు చూపిస్తుంది. మళ్లీ పరీక్ష చేయించుకున్నప్పుడు రెండు అంకెల్నీ పోల్చాలంటే రెండుసార్లూ ఒకే పద్ధతిలో, కడ్డీ మీద వాలకుండా చేసి ఉండాలి.

మీరు చదివింది నిజమే. లయ తప్పే జబ్బుల్లో పెద్దలకు ఎక్కువగా వచ్చేది ఎట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పైగదులను కర్ణికలంటాం. ఈ జబ్బులో అవి ముడుచుకోవడం మానేసి సన్నగా వణుకుతూ ఉంటాయి. కింది గదులకు అడ్డదిడ్డంగా సంకేతాలు అందుతాయి కాబట్టి నాడికి ఒక తాళమంటూ ఉండదు. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రుల ట్రెడ్‌మిల్ పరీక్షల సమాచారంతో 2015లో ఒక అధ్యయనం వచ్చింది. 64,561 మందిని పరిశీలిస్తే, ఒక్కో మెట్ ఎక్కువ ఉన్నకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం 7 శాతం చొప్పున తక్కువగా కనబడింది. తైవాన్‌లో 15,450 మందిని ఇలాగే పరీక్షించి ఏళ్ల తరబడి గమనిస్తే ఈ జబ్బు ఒక్కో మెట్‌కు 8 శాతం, పక్షవాతం 12 శాతం తక్కువగా తేలింది.

ఈ రెండూ గమనించి వేసిన లెక్కలే, ప్రయోగాలు కావు. దమ్మున్నవాళ్లలో పొగ తాగేవారు, బీపీ ఉన్నవారు ముందే తక్కువగా ఉంటారు. ఆ తేడాలను గణితంతో సర్దినా పూర్తిగా పోవు. అయినా ఈ లెక్కల్ని నమ్మడానికి కారణం వాటి వెనకున్న శరీరధర్మం.

కర్ణిక గోడ పలుచన. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కింది ఎడమ గది, అంటే ఎడమ జఠరిక, గోడ మందమెక్కి బిరుసవుతుంది. బిరుసైన గదిలోకి రక్తం నెట్టాలంటే పైనున్న కర్ణికలో ఒత్తిడి పెరగాలి. ఆ ఒత్తిడికి కర్ణిక సాగుతుంది, సాగిన గోడలో కండరం మధ్య మధ్య నారలాంటి మచ్చ కణజాలం పేరుకుంటుంది. విద్యుత్ సంకేతం నేరుగా పోవలసింది ఆ మచ్చల చుట్టూ తిరుగుతూ సుడులు పడుతుంది. ఇది ఎండిన గడ్డివాము. నిప్పురవ్వ చాలాసార్లు ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరల మొదళ్ల దగ్గర పుడుతుంది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు దాన్ని కనిపెట్టాకే, గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి ఆ చోట్లను కాల్చే ఇప్పటి అబ్లేషన్ చికిత్స వచ్చింది. వ్యాయామం రవ్వల్ని ఎంతవరకు ఆపుతుందో గానీ, గడ్డివామును మాత్రం తడిపి ఉంచుతుంది. బీపీ దిగుతుంది, జఠరిక మెత్తగా సాగుతుంది, గుండె చుట్టూ పేరుకున్న కొవ్వు తగ్గుతుంది, షుగరు అదుపులోకి వస్తుంది, బరువు తగ్గితే నిద్రలో ఊపిరి ఆగిపోయే గురక జబ్బు కూడా తగ్గుతుంది. పక్షవాతం లెక్కలో తగ్గుదల ఇంకాస్త ఎక్కువ కనిపించడానికి కారణం ఇందులోనే ఉంది. పక్షవాతం గుండెలో కట్టిన గడ్డ మెదడుకు చేరడం వల్లే రావాలని లేదు. మెడ రక్తనాళాల్లో పూడిక, మెదడులోని సన్నని నాళాలు బీపీకి దెబ్బతినడం కూడా దారులే. వ్యాయామం ఆ దారుల్లోనూ పనిచేస్తుంది.

7 నుంచి ఒక మెట్ పెంచుకోవడం మీకు అందే పనే. ఇప్పటివరకు నడక అలవాటు లేనివారు మూడు నెలలు క్రమం తప్పకుండా చేస్తే సాధారణంగా పెరుగుతుంది. అయితే నిమిషాలు పెంచడం ఒకటి, దమ్ము పెంచడం ఒకటి. రోజూ గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ నడిచేవారి అంకె కదలకపోవడం మామూలే. ఊపిరి కాస్త ఎగసేంత వేగం వారంలో కొంతసేపైనా ఉండాలి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, బీపీ ఉంది. ఏడాది క్రితం ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. రక్తం పలుచన చేసే అపిక్సాబాన్ మాత్రలు రోజుకు రెండు వాడుతున్నాను. రోజూ 45 నిమిషాలు నడిచి 8 కిలోలు తగ్గాను. ఆరు నెలలుగా దడ లేదు, నాడి సరిగ్గా ఉంది, ఈసీజీ కూడా మామూలుగా వచ్చింది. ఇక ఆ మాత్రలు మానేయవచ్చా? కనీసం ఆస్పిరిన్‌కు మారవచ్చా?

జవాబు: వద్దమ్మా. రెండింటికీ అదే జవాబు. ఇలాంటివి ఈ నెలలోనే నాలుగు ఉత్తరాలొచ్చాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మీరు సాధించింది చిన్న విషయం కాదు. లయ నిలబడింది మాత్రల వల్ల కాదు, చాలావరకు మీ నడక వల్ల, తగ్గిన బరువు వల్ల. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అధిక బరువున్న ఈ జబ్బు రోగుల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. దమ్ము 2 మెట్‌లు, అంతకు మించి పెంచుకున్నవారిలో లయ నిలిచినవారు, పెంచుకోనివారికంటే రెండు రెట్ల పైనే ఉన్నారు. ఆ బృందమే తర్వాత 120 మంది మీద ప్రయోగం చేసింది. సగం మందికి ఆరు నెలలు వ్యాయామం నేర్పించి చేయించారు, మిగతా సగానికి మామూలు సలహా మాత్రం ఇచ్చారు. ఏడాది చివరికి జబ్బు తిరగబెట్టనివారు మొదటి గుంపులో 40 శాతం, రెండో గుంపులో 20 శాతం. రెట్టింపు లాభమే. కానీ అదే లెక్కను తిప్పి చదవండి. బాగా వ్యాయామం చేసినవారిలో కూడా 60 శాతం మందికి ఏడాదిలోపే తిరగబెట్టింది.

రెండో సంగతి, దడ తెలియకపోవడం, జబ్బు లేకపోవడం ఒకటి కావు. ఈ జబ్బు గంటల తరబడి ఉండి పోయినా ఏమీ తెలియనివారు చాలామంది. నెలకోసారి తీసే ఈసీజీ పది సెకన్ల ఫొటో. మిగతా కాలమంతా ఏం జరిగిందో అది చెప్పదు.

మూడోది అసలైనది. ఎడమ కర్ణిక పక్కన చెవి తమ్మెలాగా వేలాడే చిన్న సంచి ఒకటి ఉంటుంది. కవాటాల జబ్బు లేనివారిలో గుండెలో కట్టే గడ్డల్లో దాదాపు 90 శాతం అక్కడే కడతాయి. కర్ణిక వణికినప్పుడు ఆ సంచిలో రక్తం నిలవ ఉంటుంది, నిజమే. కానీ సాగిపోయి మచ్చలు పడ్డ కర్ణిక, లయ బాగున్న రోజున కూడా ఆ సంచిని సరిగా పిండలేదు. పేస్‌మేకర్లు నమోదు చేసిన వివరాలు చూసినప్పుడు, ఇలా పక్షవాతం వచ్చినవారిలో ఎక్కువమందికి అంతకుముందు నెల రోజుల్లో లయ తప్పలేదని తేలింది. అంటే దడ, గడ్డ చేతులు పట్టుకుని రావు. 2002లో వెలువడిన అఫర్మ్ అనే పెద్ద పరిశోధనలో 4,060 మందిని రెండుగా చేసి, ఒక గుంపుకు లయను నిలబెట్టే మందులు, ఇంకో గుంపుకు వేగాన్ని అదుపు చేసే మందులు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ పక్షవాతాలు ఎక్కువగా వచ్చింది రక్తం పలుచన చేసే వార్ఫరిన్ మానేసినవారికి, లేదా వాడుతున్నా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచనైందో చూపే అంకె) 2 కంటే తక్కువగా ఉన్నవారికి. "లయ బాగుంది కదా" అని మానేసినవారూ వాళ్లలో ఉన్నారు.

అందుకే రక్తం పలుచన చేసే మందు కావాలా వద్దా అన్నది నాడిని చూసి నిర్ణయించరు, మిగతా ముప్పులను కూడి నిర్ణయిస్తారు. గుండె బలహీనత 1, బీపీ 1, షుగరు 1, రక్తనాళాల జబ్బు 1, వయసు 65 నుంచి 74 అయితే 1, 75 నిండితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. మొత్తం 2 వచ్చిందంటే మందు వాడమనే సలహా. 1 అయితే డాక్టరుతో మాట్లాడి నిర్ణయం. వయసుకు 1, బీపీకి 1, మీకు ఇప్పటికే 2 ఉన్నాయి. బీపీ మాత్రతోనో నడకతోనో దిగినా ఆ పాయింటు పోదు. ఈ పట్టికలో ఫిట్‌నెస్‌కు తగ్గింపు లేదు, గమనించండి. ఈ మందులు గడ్డ వల్ల వచ్చే పక్షవాతాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తాయి. ఆ పని నడక చేయలేదు.

ఆస్పిరిన్ సంగతి. 2011లో అపిక్సాబాన్‌నూ ఆస్పిరిన్‌నూ పక్కపక్కన పెట్టి 5,599 మందిలో పోల్చారు. అపిక్సాబాన్ వాడినవారిలో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు రెండింటిలోనూ దాదాపు సమానం. "ఆస్పిరిన్ మెత్తనిది, ఆ మాత్ర ఘాటైనది" అనుకోవడం పొరపాటు. ఆస్పిరిన్‌తో రక్తస్రావం భయం ఎటూ ఉంటుంది, రక్షణే ఉండదు.

ఒక మాత్ర మరిచిపోతే: రోజుకు రెండుసార్లు వాడే అపిక్సాబాన్, డాబిగాట్రాన్ అయితే ఆరు గంటల్లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే వదిలేసి తర్వాతి వేళకు మామూలుగా వేసుకోండి. రోజుకొకసారి వాడే రివరోక్సాబాన్, ఎడోక్సాబాన్ అయితే ఆ గడువు పన్నెండు గంటలు. రెండు మాత్రలు కలిపి ఒకేసారి వేసుకోకూడదు. రివరోక్సాబాన్ 20, 15 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి. ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టవు. లోహపు కవాటం ఉన్నవారికి, మైట్రల్ కవాటం బాగా సన్నబడినవారికి ఇవేవీ పనికిరావు, వార్ఫరినే వాడాలి.

ప్రశ్న: నాకు లయ ఎప్పుడూ తప్పే ఉంటుంది, "పర్మనెంట్" అన్నారు. వయసు 61. మెటోప్రొలాల్, రివరోక్సాబాన్ వాడుతున్నాను. వ్యాయామం మొదలుపెట్టాలని ఉంది గానీ, చేతి వాచీలో నాడి ఒకసారి 88, వెంటనే 131, మళ్లీ 70 చూపిస్తుంది. 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం లెక్కవేయమంటారు. నేను దేన్ని నమ్మాలి?

జవాబు: వీటిలో దేన్నీ నమ్మకండి, మీ ఊపిరిని నమ్మండి.

220లోంచి వయసు తీసే లెక్క సరైన లయ ఉన్నవారికే అంతంత మాత్రం. మీకు రెండు కారణాల వల్ల అసలు పనికిరాదు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు శ్రమలో గుండె వేగాన్ని నిమిషానికి 20, 30 మేర తగ్గించి తొక్కిపెడతాయి. ఇక లయ తప్పిన గుండెలో ప్రతి కొట్టుకూ బలం వేరు. కొన్ని మణికట్టు దాకా రానే రావు. గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటే 110, చేత్తో లెక్కపెడితే 85, ఇది మామూలే. వాచీ కింద ఉండే పచ్చ వెలుగు రక్తం పొంగును చూసి లెక్కవేస్తుంది కాబట్టి అదీ తడబడుతుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ విద్యుత్ సంకేతాన్ని చదువుతుంది, కొంత నయం. బీపీ మిషను కూడా ఇలాగే తేడాగా చూపిస్తుంది. నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

మాట పరీక్ష చాలు. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం చాలదు, రెండు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే ఎక్కువైంది. అంకెలు ఇష్టపడేవారికి బోర్గ్ కొలత ఉంది. 6 అంటే విశ్రాంతి, 20 అంటే ఇక చేతకాదు. మొదటి నెలన్నర 11 నుంచి 13 మధ్య ఉండండి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరు దగ్గర రెండు విషయాలు తేల్చుకోండి. విశ్రాంతిలో ఈసీజీ మీద గుండె వేగం 110కి లోపు ఉందా, ఎకోలో గుండె పంపు చేసే శక్తి, కవాటాలు ఎలా ఉన్నాయి. కూర్చున్నప్పుడే 110 దాటి కొట్టుకునే గుండెను నడిపించడం అంటే ఇప్పటికే పరిగెడుతున్నవాణ్ని కొరడాతో అదిలించడమే. ముందు మందు మోతాదు సరిచేయాలి.

తర్వాత ఇలా. పది నిమిషాలు నెమ్మదిగా నడిచి వేడెక్కండి. లయ తప్పిన గుండెకు వేగాన్ని మెల్లగా పెంచే పగ్గం ఉండదు, ఒక్కసారిగా దూకుతుంది. అందుకే ఈ పది నిమిషాలు మిగతావారికంటే మీకు ముఖ్యం. అసలు నడక మొదటి రెండు వారాలు 15 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ 40 దాకా రండి. ఏడో ఎనిమిదో వారానికి అయిదు రోజులు చేస్తే 200 నిమిషాలవుతుంది. అడిలైడ్ ప్రయోగంలో వారానికి 210 నిమిషాల దాకా తీసుకెళ్లారు. అక్కడికి చేరాక నిమిషాలు ఆపి వేగం పెంచండి. నడక మధ్యలో ఒక నిమిషం బాగా వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా అయిదారు సార్లు. ఆఖరున మళ్లీ పది నిమిషాలు నెమ్మది నడక. వేగంగా నడుస్తూ ఠక్కున నిలబడిపోతే కాళ్లలో రక్తం నిలిచి బీపీ పడిపోతుంది, బీటా బ్లాకరు వాడేవారికి కళ్లు తిరుగుతాయి. కొత్తవారు పడిపోయేది చాలాసార్లు వ్యాయామం చేస్తూ కాదు, ఆపేశాక.

వారానికి రెండు రోజులు తేలిక బరువులు. 10 నుంచి 15 సార్లు ఆగకుండా ఎత్తగలిగేంత బరువే తీసుకోండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఆ కొద్ది క్షణాలు బీపీ ఆకాశానికంటుతుంది. రక్తం పలుచన చేసే మందు వాడుతున్నారు కాబట్టి తలకు దెబ్బ తగిలే ఆటలు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు వద్దు. తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనపడకపోయినా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాల్సిందే.

జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజున సెలవు. ఒంట్లో నీరు తగ్గి పొటాషియం పడిపోతే లయ మరింత రేగుతుంది, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఇంకా త్వరగా. నడకలో ఛాతీ నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం, మామూలుగా లేని ఆయాసం వస్తే ఆపేసి కూర్చోండి. నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికే.

మీకు "పర్మనెంట్" కాబట్టి వ్యాయామంతో లయ తిరిగొస్తుందని ఆశపెట్టం. ఆయాసం తగ్గడం, విశ్రాంతిలో వేగం దిగడం, మెట్లు ఆగకుండా ఎక్కగలగడం మాత్రం ఆశించవచ్చు.

ప్రశ్న: 44 ఏళ్లు. పన్నెండేళ్లుగా దూర పరుగులు తీస్తున్నాను, ఏడాదికి మూడు మారథాన్‌లు. విశ్రాంతిలో నాడి 46. ఈమధ్య రాత్రి భోజనమయ్యాక, పడుకున్నప్పుడు గుండె టపటపా కొట్టుకుంటోంది. ఇంత ఫిట్‌గా ఉన్నవాడికి ఇదేమిటి?

జవాబు: మీకు కోపం తెప్పించే జవాబే. అతిగా, ఏళ్ల తరబడి ఓర్పు క్రీడలు చేసే మగవారిలో ఎట్రియల్ ఫిబ్రిలేషన్ కాస్త ఎక్కువే. స్వీడన్‌లో వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల మంచు స్కీయింగ్ పోటీ ఉంది. 1989 నుంచి 1998 వరకు దాన్ని పూర్తిచేసిన 52 వేల పైచిలుకు మందిని గమనిస్తే, ఎక్కువసార్లు పాల్గొన్నవారికి, అందరికంటే వేగంగా వెళ్లినవారికి లయ జబ్బులు ఎక్కువగా కనిపించాయి. స్త్రీలలో ఈ పోకడ కనపడలేదు. అలాగని ఇది చదివి సోఫా ఎక్కేవారికి ఒక మాట. ఆ స్కీయర్లను సామాన్య జనంతో పోల్చిన తర్వాతి అధ్యయనంలో పక్షవాతం స్కీయర్లలోనే తక్కువ.

కారణం ఇది. గంటల తరబడి గుండె మామూలుకంటే నాలుగైదు రెట్లు రక్తం తోడుతూ ఉంటే కర్ణికలు సాగుతాయి. సాధన వల్ల, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం పట్టు పెరుగుతుంది. మీ 46 దాని గుర్తే, అది జబ్బు కాదు. కానీ ఆ నరం కర్ణిక కణాలు తిరిగి సిద్ధమయ్యే వ్యవధిని తగ్గిస్తుంది. సంకేతం సుడులు తిరగడానికి అదే వీలు. ఆ పట్టు ఎక్కువగా ఉండే వేళలు ఏవంటే విశ్రాంతి, నిద్ర, నిండుగా తిన్న తర్వాత. మీరు రాసింది సరిగ్గా అదే.

అయితే దడలన్నీ ఇవే కావు. దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీ దొరికితేనే పేరు పెట్టగలం. రోజూ వస్తుంటే 24 గంటలు ఒంటికి కట్టుకునే ఈసీజీ పెట్టె హోల్టర్, వారానికోసారి వస్తుంటే వారం రెండు వారాలు అంటించే ప్యాచ్ పెట్టించుకోండి. ఎకో, థైరాయిడ్ టీఎస్‌హెచ్, పొటాషియం చూపించండి. మద్యం ఎంత, ఎనర్జీ డ్రింకులు తాగుతారా, గురక ఉందా అన్నవి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఎట్రియల్ ఫిబ్రిలేషనే అని తేలితే మొదటి మెట్టు రెండు మూడు నెలలు సాధన బాగా తగ్గించి చూడటం. మానేయడం కాదు. వేగపు పరుగులు, పొడుగాటి పరుగులు ఆపి వారానికి మూడు నాలుగు గంటల తేలిక వ్యాయామానికి దిగండి. కొందరికి అంతటితోనే నిలుస్తుంది. నిలవకపోతే మీ వయసులో అబ్లేషన్ మంచి దారి, ఎందుకంటే నాడి 46 ఉన్నవారికి బీటా బ్లాకరు ఇస్తే పడదు. అబ్లేషన్ తర్వాత గజ్జల్లో సూది గుచ్చిన చోటు మానేదాకా వారం పది రోజులు బరువులు, పరుగులు ఉండవు. మొదటి రెండు మూడు నెలల్లో దడ మళ్లీ వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు, కాలిన గాయం మానుతున్నప్పుడు అలా జరుగుతుంది. ఆ కాలంలో రక్తం పలుచన చేసే మందు మాత్రం తప్పనిసరి.

ఇంకో హెచ్చరిక. దడ వచ్చినప్పుడు వేసుకోమని జేబులో ఉంచుకునే ఫ్లెకైనైడ్ మాత్ర కొందరికి ఇస్తారు. వేసుకుని పరుగుకు వెళ్లడం ప్రమాదం. ఆ మందు ఫిబ్రిలేషన్‌ను, కర్ణికలు కాస్త నెమ్మదిగా, ఒక తాళంలో కొట్టుకునే ఫ్లట్టర్ అనే లయ జబ్బుగా మార్చవచ్చు. నెమ్మదైంది కాబట్టి ప్రతి సంకేతమూ కిందికి దిగిపోయి గుండె నిమిషానికి 200 దాటి కొట్టుకోవచ్చు. దడ తగ్గి, మందు ప్రభావం దిగేదాకా విశ్రాంతే.

ప్రశ్న: చేతి వాచీ "క్రమం తప్పిన లయ" అని రెండుసార్లు హెచ్చరించింది. నాకేమీ బాధ లేదు. పట్టించుకోవాలా?

జవాబు: పట్టించుకోవాలి, భయపడనక్కర్లేదు. ఆపిల్ వాచీతో 2019లో వెలువడిన అధ్యయనంలో నాలుగు లక్షల పైచిలుకు మంది పాల్గొంటే హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. అంటే అది అస్తమానం అరిచే కుక్క కాదు. అయితే వాచీ హెచ్చరిక రోగనిర్ధారణ కాదు. ఈసీజీలో కనీసం 30 సెకన్లు, లేదా మామూలు 12 లీడ్ల ఈసీజీ మొత్తం, ఆ లయ కనిపించాలి. ఈలోపు చేత్తో చూసుకోండి. ఎడమ అరచేయి పైకి పెట్టి, బొటనవేలి మొదలు కింద మణికట్టు మీద కుడిచేతి మూడు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. తాళం నడుమ అప్పుడప్పుడు ఒక కొట్టు ఎగిరిపోవడం వేరు, అసలు తాళమే దొరకకపోవడం వేరు. రెండోదైతే ఆ రోజే ఈసీజీ తీయించండి. వాచీ ఏమీ అనలేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం కూడా తప్పే.

ప్రశ్న: మా అబ్బాయికి 19. పరిగెడుతూ ఒక్కసారిగా స్పృహతప్పి పడిపోయాడు, నిమిషంలో లేచాడు. నీరసం అని వదిలేయమంటున్నారు.

జవాబు: వదిలేయకండి. శ్రమ మధ్యలో పడిపోవడం, పరుగు ఆపి నిలబడ్డాక కళ్లు తిరగడం లాంటిది కాదు. గుండె కండరం పుట్టుకతో మందంగా ఉండటం, వంశపారంపర్య విద్యుత్ లోపాలు మొదట ఇలాగే బయటపడతాయి. ఈసీజీ, ఎకో అయ్యి గుండె వైద్యులు సరేననేదాకా ఆటలు బంద్. దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారుంటే తప్పక చెప్పండి.

ప్రశ్న: నాన్నగారికి 72, ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, డాబిగాట్రాన్ వాడుతున్నారు, రోజూ నడుస్తారు. ఇన్ని జాగ్రత్తలున్నా పక్షవాతం వస్తే ఇంట్లో మేం ఏం చేయాలి?

జవాబు: ఈ ప్రశ్న ముందే అడిగినందుకు సంతోషం. మందు ముప్పును బాగా తగ్గిస్తుంది, సున్నా చేయదు.

మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి ఎత్తి ఉంచలేకపోవడం, మాట ముద్దగా రావడం లేదా అర్థంలేకుండా రావడం, వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. హఠాత్తుగా ఒక కంటికి చూపు పోవడం, నిలబడలేనంత తూలడం కూడా గుర్తులే. వెంటనే అంబులెన్సు పిలిచి, సీటీ స్కాన్, పక్షవాతానికి చికిత్స రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుంటే గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స కొందరికి 24 గంటల దాకా వీలవుతుంది. ఆగిన ప్రతి నిమిషానికీ మెదడు చస్తూనే ఉంటుంది కాబట్టి గడువు ఉంది కదా అని నిదానించకూడదు.

ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి. రక్తనాళం మూసుకుందో, చిట్లిందో స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు. నీళ్లు, ఆహారం, మాత్రలు ఏవీ నోట్లో పెట్టకండి. మింగే శక్తి పోయి ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. బీపీ ఎక్కువగా ఉందని దించే మాత్ర కూడా మీరు ఇవ్వకూడదు.

ఆసుపత్రిలో మొదట రెండు సమయాలు అడుగుతారు. ఆయన మామూలుగా ఉండగా చివరిసారి చూసింది ఎప్పుడు? గుర్తులు మీ కంటబడ్డ సమయం కాదిది. ఉదయం లేచేసరికే అలా ఉంటే, రాత్రి పడుకున్న వేళే లెక్క. రెండోది, డాబిగాట్రాన్ చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు? గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇవ్వవచ్చా లేదా అన్నది దానిమీద ఆధారపడుతుంది. డాబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్ అనే విరుగుడు ఇంజక్షన్ ఉంది. అది అందుబాటులో ఉన్న చోట, ముందు దాన్ని ఇచ్చి తర్వాత కరిగించే మందు ఇవ్వగలుగుతారు. మాత్రల పెట్టె, పాత ఈసీజీ, కిడ్నీ పరీక్ష రిపోర్టు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి.

గుర్తులు పది నిమిషాల్లో తగ్గిపోయినా ఆగకండి. అలా వచ్చి పోయిన దాని తర్వాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ.

ప్రశ్న: దడ జబ్బు ఉంది, వ్యాయామం బాగా చేస్తాను కాబట్టి వారాంతంలో మద్యం పర్వాలేదా?

జవాబు: మీరు నడిచి సంపాదించినదాన్ని మద్యం తిరిగి లాక్కుంటుంది. వారానికి పది డ్రింకులు, అంతకుమించి తాగే 140 మంది ఈ జబ్బు రోగుల్లో సగం మందిని మానమని చెప్పి ఆరు నెలలు చూస్తే, జబ్బు తిరగబెట్టింది మానమన్న గుంపులో 53 శాతానికి, మామూలుగా తాగినవారిలో 73 శాతానికి. 2020లో వెలువడిన ప్రయోగం ఇది. అలవాటు ప్రకారం రోజూ ఎక్కువ తాగేవారైతే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు సాయంతో ఆపండి. హఠాత్తుగా మానినప్పుడు వచ్చే వణుకు, చెమటలతో పాటు గుండె లయ కూడా రేగుతుంది.